నీడపట్టున ఒకటి, వానలో ఒకటి

ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దుకు చెరో పక్కన, సుమారు 50 కిలోమీటర్ల ఎడంలో రెండు రాతి శిలువలున్నాయి. ఒకటి స్కాట్లండు వైపు రత్‌వెల్ అనే పల్లెలో ఉంది. రెండోది ఇంగ్లండు ఉత్తర కొసన, కంబ్రియా జిల్లాలోని బ్యూకాజిల్‌లో ఉంది. రెండూ ఇసుకరాయివే. 8వ శతాబ్దానికి కాస్త అటూ ఇటూగా, నార్తంబ్రియా రాజ్యంలో చెక్కినవే. రెండింటి మీదా ద్రాక్షతీగ మెలికలు తిరుగుతుంది, ఆ మెలికల్లో పక్షులూ జంతువులూ పళ్లు కొరుకుతుంటాయి. రెండింటి మీదా మృగాల తలల మీద పాదాలుంచి నిలబడిన క్రీస్తు ఉన్నాడు. రెండింటి మీదా రూన్ అనే పాత జర్మానిక్ లిపిలో రాత ఉంది. ఒకదాని గురించి రాసే కళాచరిత్రకారులు సాధారణంగా రెండోదాన్నీ ప్రస్తావిస్తారు.

వాటి మధ్య అన్నిటికన్నా పెద్ద తేడా శిల్పంలో లేదు, నివాసంలో ఉంది. రత్‌వెల్ శిలువ 1887 నుంచి చర్చి లోపల, కప్పు కింద, నీడపట్టున ఉంది. బ్యూకాజిల్ శిలువ చర్చి ఆవరణలో సమాధుల పక్కన, ఆకాశం కింద ఉంది. దాదాపు 1300 ఏళ్లుగా బహుశా ఆ చోటు నుంచి కదల్లేదు. పాత రాతి శిలువల్ని వాన నుంచి ఎలా కాపాడాలన్న చర్చ వచ్చినప్పుడల్లా ఈ జంటను ఉదాహరణగా చూపుతారు. లోపల ఉన్నది బాగుంది, బయట ఉన్నది అరిగింది, కాబట్టి అన్నిటినీ లోపలికి చేర్చాలి అని తేల్చేస్తారు. ఈ తీర్పు తొందరపాటు తీర్పు. రెండు రాళ్లనూ దగ్గర పెట్టి చూస్తే లెక్క అంత తేలిగ్గా తేలదు.

ముందు బ్యూకాజిల్. పాత రోమన్ కోట ఉన్న ఎత్తయిన నేల మీద చిన్న చర్చి, దాని ఆవరణలో నాలుగున్నర మీటర్లకు కాస్త తక్కువ ఎత్తున్న ఒంటి స్తంభం. పైనుండాల్సిన శిలువ తల ఎప్పుడో పోయింది, స్తంభమే మిగిలింది. పడమటి ముఖం మీద మూడు బొమ్మలున్నాయి. పైన గొర్రెపిల్లను పట్టుకున్న బాప్తిస్మమిచ్చే యోహాను, మధ్యలో క్రీస్తు, అడుగున చేతిమీద పక్షి ఉన్న మనిషి. ఈ కింది మనిషి ఎవరన్నది ఇంకా తేలని వాదం. సువార్తికుడు యోహాను, పక్కన అతని గద్ద అని కొందరంటే, వేటడేగతో ఉన్న రాజవంశీకుడు అని కొందరు. వాదం తేలకపోవడానికి వాన కూడా ఒక కారణం. ముఖకవళికలు అరిగిపోయాయి, బట్టల మడతలు మాత్రం నిలిచాయి. అరిగిన సబ్బు బిళ్ల మీద అక్షరాల్లా, అక్కడేదో ఉండేదని తెలుస్తుంది గానీ అదేమిటో కచ్చితంగా చెప్పలేం.

క్రీస్తు బొమ్మకు దిగువన తొమ్మిది వరుసల రూన్ రాత ఉంది. నార్తంబ్రియా రాజు ఓస్వియు కొడుకు ఆల్క్‌ఫ్రిత్ పేరు అందులో ఉందని 19వ శతాబ్దపు పండితులు చదివారు. ఆ పేరును ఆధారం చేసుకునే చాలామంది ఈ శిలువకు కాలనిర్ణయం చేశారు. ఇప్పటి లిపి పండితులు ఆ పఠనాన్ని నమ్మరు, అక్షరాలు అంతగా చెదిరిపోయాయి. ఉత్తర ముఖం మీద, రెండు అలంకార పలకల మధ్య సన్నని పట్టీలో, ఒక ఆడమనిషి పేరు మాత్రం తేటగా ఉంది: కినెబుర్. ఆల్క్‌ఫ్రిత్ భార్య పేరు అదే. ఆమె మెర్సియా రాజు పెండా కూతురు. ఆ కినెబుర్, ఈ కినెబుర్ ఒకరేనా అన్నది వేరే సంగతి. ఒకే రాతి మీద, ఒకే వానలో, ఒక రాత చెరిగి ఇంకొకటి నిలిచిందన్న సంగతి మాత్రం రాళ్ల సంరక్షణ గురించి మాట్లాడేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. రాయి అంతటా ఒకే తీరున అరగదు. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, ఏ ముఖానికి ఎదురుగాలి తగులుతుందో, ఏ పట్టీకి పైన చిన్న అంచు అడ్డుగా ఉందో, వాటిని బట్టి దాని అరుగుదల ఉంటుంది.

ఇక దక్షిణ ముఖం. అక్కడ తీగల పలకలో ఒక అర్ధవృత్తం ఉంది. దాని కేంద్రంలో ఒక రంధ్రం, రంధ్రం నుంచి కిందికి విచ్చుకున్న గీతలు. అది ఎండ గడియారం. రంధ్రంలో ఒక పుల్ల ఉండేది, దాని నీడ గీతల మీద జరుగుతూ పగటిని నాలుగు ప్రధాన భాగాలుగా పంచేది. ఇంగ్లండులో మిగిలిన ఎండ గడియారాల్లో అతి పాతవాటిలో ఇదొకటి. పుల్ల పోయినా గీతలున్నాయి. ఈ అర్ధవృత్తం దక్షిణ దిక్కునే ఉండాలి, ఉంది కూడా. స్తంభం తన పాత చోటే, తన పాత దిక్కునే నిలబడి ఉందనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు. ఈ శిల్పి ద్రాక్షతీగతో పాటు సూర్యుణ్ణి కూడా తన పనిలో కలుపుకున్నాడు. ఎండ పడితేనే ఆ పలక పూర్తవుతుంది.

ఇప్పుడు రత్‌వెల్ సంగతి. దాని కష్టం వానతో మొదలవలేదు, సుత్తితో మొదలైంది. 1640లో స్కాట్లండు చర్చి సర్వసభ విగ్రహారాధన చిహ్నాలను తొలగించమని ఆదేశించింది. 1642లో శిలువను పడగొట్టి ముక్కలు చేశారు. ముక్కలు చాలాకాలం చర్చి లోపలే పడి ఉన్నాయి, ఆరాధనకు వచ్చిన జనం వాటిమీద కూర్చునేవారని చెబుతారు. 18వ శతాబ్దం చివరి భాగంలో వాటిని చర్చి బయట ఆవరణలో పడేశారు. అప్పటి నుంచి వానా మంచూ వాటి మీద పని మొదలుపెట్టాయి. 1799లో రత్‌వెల్‌కు పాస్టరుగా వచ్చిన హెన్రీ డంకన్ ఆ ముక్కల విలువ గుర్తించాడు. పేదలు చిల్లర డబ్బులు దాచుకోవడానికి 1810లో పొదుపు బ్యాంకు పెట్టిన డంకన్ ఈయనే. ముక్కలు ఏరుతూ వెతుకుతూ ఉండగా, ఒక సమాధి కోసం మామూలు కన్నా లోతుగా తవ్వినప్పుడు పై భాగపు ముక్క ఒకటి బయటపడింది. 1823లో ఆయన శిలువను తన నివాసపు తోటలో నిలబెట్టాడు. పోయిన అడ్డుచేతులకు బదులు కొత్తవి చెక్కించాడు. కొసరాతిని తిప్పి పెట్టారు, ముందు ముఖం వెనక్కి పోయింది. 1887లో చర్చిలో ప్రత్యేకంగా ఒక భాగం కట్టి శిలువను లోపలికి తెచ్చారు. ఐదు మీటర్లకు పైబడిన ఎత్తు పైకప్పుకు తగులుతుంది కాబట్టి నేలలో నాలుగడుగుల మేర గొయ్యి తీసి అందులో నిలబెట్టారు.

ఈ గొయ్యి గురించి కాస్త ఆగి మాట్లాడాలి. పాదం మనకన్నా కింద ఉంటుంది, స్తంభం నడుము మన కళ్లకు ఎదురుగా వస్తుంది. మగ్దలేనే మరియ క్రీస్తు పాదాలను తన జుట్టుతో తుడిచే పలక, ఎడారిలో సాధువులు పౌలు, ఆంథొనీ రొట్టె విరిచే పలక, అన్నీ సుఖంగా కనబడతాయి. ఆ మరియ చెయ్యి చూడండి: ముంజేయి శరీరానికి కుదరనంత లావుగా, బరువుగా ఉంది. ఆ చేతినీ, చేతికి చుట్టుకున్న జుట్టునూ శిల్పి కావాలనే పెద్దవి చేసి ఉండొచ్చు, దూరం నుంచి చూసేవాళ్లకు ఆ పశ్చాత్తాపం అందాలని. చర్చిలో మూడడుగుల దూరం నుంచి చూస్తే అది లోపంలా కనబడుతుంది. శిలువ బయట ఉన్న రోజుల్లో జనం తల ఎత్తి చూశారు, ఇప్పుడు మనం ఎదురుగా చూస్తున్నాం. నీడపట్టు రాతిని కాపాడింది, చూపు కోణాన్ని మార్చేసింది. ఈ మార్పును నష్టాల్లో లెక్కవేసినవాళ్లు తక్కువ.

రూన్ రాత విషయం మాత్రం దీనికి పూర్తిగా ఎదురు. ద్రాక్షతీగల పలకలకు ఇరుపక్కలా ఉన్న ఇరుకు అంచుల మీద, ఒక్కో వరుసకు రెండు మూడు అక్షరాల చొప్పున, పైనుంచి కిందికి చిన్న చిన్న అడ్డు వరుసలుగా చెక్కారు. చదవడానికి ఇంతకన్నా ఇబ్బందైన అమరిక ఉండదు. 19వ శతాబ్దంలో జాన్ మిచెల్ కెంబుల్ ఆ అక్షరాలు ఒక కవితలోనివని పోల్చాడు. ఇటలీలోని వెర్చెల్లిలో దొరికిన పాత ఇంగ్లీషు రాతప్రతిలో 'డ్రీమ్ ఆఫ్ ద రూడ్' అనే పొడవైన కవిత ఉంది, రత్‌వెల్ రాత దానికి దగ్గరి చుట్టం. అందులో శిలువే మాట్లాడుతుంది, తన మీద క్రీస్తు చనిపోయిన తీరు తానే చెబుతుంది. మాట్లాడే శిలువ మీద ఆ మాటలు చెక్కి ఉండటం, ఆ మాటలు ఇవాళ్టికీ కొంతమేర చదవగలగటం ఐరోపా సాహిత్య చరిత్రలో అరుదైన భాగ్యం. బ్యూకాజిల్‌లో రాత ఎలా చెదిరిందో చూశాక, రత్‌వెల్ శిలువను ఇంకో వందేళ్లు తోటలో ఉంచి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. ఈ ఒక్క రాత కోసమైనా 1887 నాటి నిర్ణయం సరైనదే.

అయితే రెండు శిలువలనూ పక్కపక్కన పెట్టి లోపలిది గెలిచింది అనేవాళ్లు రెండు విషయాలు వదిలేస్తున్నారు. ఒకటి, రత్‌వెల్ మీద కనిపించే గాయాల్లో పెద్దవి వానవి కావు, మనుషులవి. రెండు, ఆ శిలువ లోపలికి వచ్చేనాటికే తన చోటును పోగొట్టుకుంది. ఏ ముఖం ఏ దిక్కు చూసేదో ఇప్పుడు రుజువు చెయ్యలేం. అడ్డుచేతులు డంకన్ కాలానివి. ఫ్రెడ్ ఆర్టన్ లాంటి పరిశోధకులు ఇంకో అడుగు ముందుకు వేసి, ఇది మొదట్లో శిలువే కాకపోవచ్చు, స్తంభంగా నిలిపిన దానికి తర్వాత శిలువ రూపం వచ్చి ఉండొచ్చు అని వాదించారు. ఆ వాదం అందరూ ఒప్పుకున్నది కాదు. కానీ అలాంటి అనుమానానికి చోటు ఉందంటేనే ఆ రాయి తన ఊనికను ఎంతగా కోల్పోయిందో అర్థమవుతుంది. ఐరిష్ పండితుడు ఈమన్ ఓ కారగాన్ 2005లో వచ్చిన 'రిచువల్ అండ్ ద రూడ్' పుస్తకంలో ఈ రెండు స్మారకాలను ఆనాటి ఆరాధనా క్రమంతో కలిపి చదివాడు. అలాంటి పఠనానికి దిక్కులు కావాలి. బ్యూకాజిల్ దగ్గర దిక్కు రాతిలోనే ఉంది. రత్‌వెల్ దగ్గర ఊహించుకోవాలి.

కాబట్టి నా లెక్క ఇది: చోటు పోయిన రాతిని లోపలికి తెస్తే పెద్దగా పోయేదేమీ లేదు, వచ్చేదే ఎక్కువ. చోటు నిలుపుకున్న రాతిని లోపలికి తెస్తే కొత్త నష్టం మనమే చేసినవాళ్లమవుతాం. వెనిస్‌లో 1964లో ప్రపంచ సంరక్షకులు ఒప్పుకున్న పత్రం కూడా ఈ మాటే అంటుంది. కట్టడాన్ని దాని పరిసరాల నుంచి వేరు చెయ్యరాదని, కాపాడుకోవడానికి తప్పనిసరైనప్పుడో, అత్యున్నత జాతీయ, అంతర్జాతీయ ప్రయోజనం ఉన్నప్పుడో తప్ప కదల్చరాదని. నాగార్జునసాగర్ నీళ్లు రాబోతున్నప్పుడు నాగార్జునకొండ కట్టడాలను కొండమీదికి తరలించారు, అక్కడ ఇంకే దారీ లేదు. బ్యూకాజిల్‌లో నీళ్లు పైనుంచి మెల్లగా వస్తున్నాయి. అలాంటప్పుడు 'ఇంకే దారీ లేదు' అనే ఘడియ ఏది అన్నది ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి.

వాన ఏం చేస్తుందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మందు దాన్ని బట్టే ఉంటుంది. ఇసుకరాయి అంటే ఇసుక రేణువులు, వాటి మధ్య వాటిని పట్టి ఉంచే సహజ బంధకం. ఆ బంధకం సున్నపు జాతిదైతే, గాలిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని కాస్త పుల్లబడిన వాననీరు దాన్ని కరిగిస్తుంది. బొగ్గు కాల్చిన రోజుల్లో గంధకపు పొగ కూడా తోడై రాతి మీద జిప్సం పొర కట్టేది, ఆ పొర పెచ్చులుగా ఊడేటప్పుడు కింది శిల్పాన్నీ పట్టుకుపోయేది. రాతి రంధ్రాల్లో చేరిన నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. చలికాలంలో రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులు ఎన్ని ఉంటే రాతికి అన్ని దెబ్బలు. నేల నుంచి పైకి పాకిన చెమ్మ ఉప్పును మోసుకొస్తుంది, నీరు ఆరిపోయాక ఆ ఉప్పు రంధ్రాల్లో స్ఫటికాలై లోపలి నుంచి తోస్తుంది. శిలువ పాదం దగ్గర రాయి పిండిపిండిగా రాలుతుంటే తప్పు ఆకాశానిది కాదు, నేలది. పైన కప్పు వేసినా అది ఆగదు.

దీని మీద మనుషుల చేతులు కూడా పడ్డాయి. విరిగిన ముక్కలను ఇనుప కడ్డీలతో కలిపినచోట ఇనుము తుప్పు పట్టి ఉబ్బి రాతిని చీల్చింది. పగుళ్లలో పోర్ట్‌లాండ్ సిమెంటు నింపినచోట, అది రాతికన్నా గట్టిది, నీటిని పీల్చనిది కాబట్టి, చెమ్మంతా పక్కనున్న మెత్తని రాతి గుండా ఆరడం మొదలెట్టి అదే రాలిపోయింది. సున్నంతో చెయ్యాల్సిన పని సిమెంటుతో చెయ్యడం ఐరోపాలో వందేళ్లకు పైగా సాగిన పెద్ద పొరపాటు. మన దగ్గరా పాత గుళ్ల గోడలకు సిమెంటు పూసినచోట ఇదే నష్టం చూడొచ్చు. రాతిని గట్టిపరచడానికి సిలికేటు ద్రావణాలను లోపలికి ఇంకించే పద్ధతి ఒకటి ఉంది. అది కొన్ని రాళ్లను నిజంగా నిలబెట్టింది. కానీ ఇంకిన మందును వెనక్కి తియ్యలేం. పై పొర గట్టిపడి లోపలి పొర మెత్తగా ఉండిపోతే ఒకనాడు పై పొర మొత్తం శిల్పంతో సహా ఊడొచ్చు. లైకెన్ల సంగతీ అంతే. వాటిని చూడగానే గీకెయ్యాలనిపిస్తుంది, గీకితే వాటి వేరుపోగులు పట్టుకున్న రేణువులు కూడా వస్తాయి. బ్యూకాజిల్ రాతను చదవాలన్న ఆత్రంతో 19వ శతాబ్దంలో నాచు తొలగించినవాళ్లు రాతకు మేలు చేశారో కీడు చేశారో చెప్పలేం.

ఇదే పోలికను స్కాట్లండు పడమటి తీరంలోని ఐయోనా దీవిలో ఇంకో రూపంలో చూడొచ్చు. సెయింట్ కొలంబా మఠం ముందు రెండు శిలువలు. సెయింట్ మార్టిన్ శిలువ 8వ శతాబ్దం నుంచి అదే పీఠం మీద బయటే నిలిచి ఉంది, ఇప్పటికీ బాగుంది. అది ఒకే రాతి పలక, గట్టిది. పక్కనే ఉండాల్సిన సెయింట్ జాన్ శిలువ కథ వేరు. దాన్ని పలు ముక్కలుగా చెక్కి అతికించారు. చేతుల వెడల్పు రెండు మీటర్లు దాటింది, అంత బరువు ఆ అతుకులు మొయ్యలేకపోయాయి. చేతులను ఆదుకోవడానికే దానికి చక్రంలాంటి వలయం తర్వాత చేర్చి ఉంటారని చాలామంది పండితుల అభిప్రాయం. ఐర్లండు, స్కాట్లండు శిలువలకు గుర్తుగా మారిన ఆ వలయం ఒక ఇంజనీరింగ్ ఇబ్బంది లోంచి పుట్టి ఉండొచ్చన్నమాట. 20వ శతాబ్దంలో మళ్లీ నిలబెట్టాక 1951లో గాలికి పడింది, 1957లో మళ్లీ పడింది. చివరికి 1970లో కాంక్రీటుతో నకలు పోసి పాత పీఠం దగ్గర నిలిపారు. అసలు ముక్కలు ఇప్పుడు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి.

నకలు అనగానే చిన్నచూపు చూసే అలవాటు విమర్శకుల్లో బలంగా ఉంది. ఐయోనా నకలును ఆ చూపుతో చూడటం అన్యాయం. శిలువ వెనకాల కొలంబా సమాధి మందిరం ఉంది. ఎండ పడమటికి వాలినప్పుడు శిలువ నీడ ఆ మందిరం గోడ మీద పడుతుంది. అసలు రాయి మ్యూజియంలో ఉండి, ఈ చోటు ఖాళీగా ఉంటే ఆ నీడ ఉండేది కాదు. నకలు ఆ నీడను తిరిగి తెచ్చింది. సాలీ ఫాస్టర్, షాన్ జోన్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ కాంక్రీటు శిలువ జీవితం మీదే ఒక పుస్తకం రాశారు, 2020లో వచ్చింది. దీవి జనానికీ యాత్రికులకూ అది ఎలా సొంతమైందో, దానికంటూ ఒక చరిత్ర ఎలా ఏర్పడిందో చూపించారు. రాతి శిల్పంలో రెండు విషయాలున్నాయి, ఉలి చేసిన పని ఒకటి, నిలబడ్డ చోటు చేసే పని ఇంకొకటి. ఐయోనాలో మొదటిది మ్యూజియంలో క్షేమం, రెండోది నకలు చేతిలో క్షేమం. పోగొట్టుకున్నది ఆ రెండింటి కలయిక. అది పోవడం చిన్న విషయం కాదు, కానీ రెండుసార్లు పడ్డ రాతిని మూడోసారి నిలబెట్టడం తెలివైన పని కాదు.

ఐర్లండులోని క్లాన్‌మక్‌నాయిస్ ఇదే దారి పట్టింది. 'లేఖనాల శిలువ' అనే పేరున్న నాలుగు మీటర్ల ఇసుకరాతి శిలువనూ, దానితోటి వాటినీ 1990ల మొదట్లో మ్యూజియం భవనంలోకి మార్చి, పాత చోట్లలో నకళ్లు పెట్టారు. అక్కడ గదిలో దీపాలను పక్కవాటుగా పెట్టారు, చెక్కడాలు లేచి కనబడతాయి. బయట మబ్బు పట్టిన ఐరిష్ మధ్యాహ్నంలో ఆ స్పష్టత ఎన్నడూ దొరకదు. ఇది ఒప్పుకోవాల్సిన లాభమే.

ఐర్లండులోనే ఉన్న మొనాస్టర్‌బాయిస్ మాత్రం మ్యూరెడాక్ శిలువను బయటే ఉంచింది. 10వ శతాబ్దపు తొలి పాదం నాటి ఆ శిలువ, ఐదున్నర మీటర్ల ఎత్తున, ఆశ్చర్యం కలిగేంత చక్కగా నిలిచింది. దాన్ని నిలబెట్టినవాడి కోసం ప్రార్థించమని అడిగే రాత ఇప్పటికీ పాదం దగ్గర చదవొచ్చు, రాత దగ్గర రెండు పిల్లులు కూడా ఉన్నాయి. ఎందుకింత బాగుంది? రాయి నాణ్యమైనది, అది నిజం. ఇంకో కారణం కూడా ఉందని నా నమ్మకం: కొసన చిన్న ఇంటి కప్పు ఆకారంలో చెక్కిన రాయి వానకు కొంత అడ్డుగా ఉంది. అడ్డుచేతి కింది భాగంలో ఒక చోట, వలయం లోపలివైపు, దేవుని హస్తాన్ని చెక్కారు. ఆ చోటుకు వంగి చూస్తే తప్ప అది కనబడదు. వేళ్లు విడివిడిగా, అరచేయి నిండుగా ఉంటాయి. వాన నేరుగా తగలని చోటు అది. ఆ చేతి తీరు చూస్తే, పక్కనే ఎండా వానా తగిలిన పలకలు మొదట ఎలా ఉండేవో తెలుస్తుంది. రాయి తన అసలు రూపపు నమూనాను తనలోనే దాచుకుంది. బయట ఉన్న శిల్పాల్లో ఇలాంటి మరుగు చోట్లను ముందు వెతకాలి. ఎంత పోయిందో చెప్పే కొలబద్ద అక్కడే దొరుకుతుంది.

లోపలా కాదు, బయటా కాదు అనే మూడో పద్ధతి గాజు. స్కాట్లండులో ఫోరెస్ పట్టణం దగ్గరున్న స్వేనోస్ స్టోన్ ఆరున్నర మీటర్ల పిక్టిష్ రాయి, అంటే పిక్టులనే పాత స్కాట్లండు జాతివారిది, ఒక ముఖం మీద శిలువ, ఇంకో ముఖం మీద యుద్ధం, వరుసలు వరుసలుగా సైనికులు, తలలు తెగిన శవాలు. 1990ల మొదట్లో దాన్ని చోటు మార్చకుండానే పెద్ద గాజు గదిలో పెట్టారు. వాన తగలదు, గాలి తగలదు. కానీ చూసేవాడికి గాజులో మేఘాలూ చెట్లూ తన మొహమూ ముందు కనబడతాయి, ఆ తర్వాతే రాయి. ఎండలో గాజు లోపల వేడెక్కుతుంది, చలికి లోపలి తేమ గాజుకు పడుతుంది, ఆ గాలి మార్పిడిని జాగ్రత్తగా చూసుకుంటూనే ఉండాలి. చోటును కాపాడామంటూ చోటుతో రాతికి ఉన్న సంబంధాన్ని అడ్డుకోవడం ఇది. నాకు ఇది సగం పరిష్కారంగానే కనిపిస్తుంది, రెండువైపులా సగం నష్టంతో.

అంతకన్నా నాకు నచ్చింది స్కాట్లండులోనే ఆంగస్ ప్రాంతంలోని ఆబర్లెమ్నో పద్ధతి. అక్కడ రోడ్డు పక్కన, చర్చి ఆవరణలో పిక్టిష్ శిలువ పలకలున్నాయి. శీతాకాలం రాగానే వాటికి చెక్కపెట్టెలు తొడుగుతారు, వసంతం మొదలవగానే తీసేస్తారు. ఖర్చు తక్కువ, రాతికి ఏ మందూ అక్కర్లేదు, ఏ కడ్డీ దిగెయ్యక్కర్లేదు. రాతికి అన్నిటికన్నా చెరుపు చేసేది తడిసి ఉన్నప్పుడు గడ్డకట్టడం, ఆ నెలల్లోనే కాపలా ఉంటుంది. ఎండాకాలంలో రాయి ఎప్పటిలాగే బయట ఉంటుంది. శీతాకాలంలో వెళ్లిన యాత్రికుడికి పెట్టె తప్ప ఏమీ కనబడదు. ఆ ఇబ్బంది భరించదగ్గదే.

బ్యూకాజిల్ స్తంభానికి ఇదే సరిపోతుందని నేననుకుంటున్నాను. నాలుగున్నర మీటర్ల ఒంటి రాతికి గాలి ఆడేలా చెక్క తొడుగు చెయ్యడం ఆబర్లెమ్నో పలకలంత తేలిక కాదు, ఆ గుట్టల మీది గాలిని తట్టుకోవాలి. అయినా చెయ్యగలిగిన పనే. పాదం చుట్టూ నీరు నిలవకుండా కాలువ తీసి, నేల చెమ్మను దూరంగా మళ్లించాలి. ప్రతి కొన్నేళ్లకోసారి ఒకే పద్ధతిలో లేజరు స్కానింగ్ చేసి, పాతదానితో పోల్చి ఏ పలక ఎన్ని మిల్లీమీటర్లు తగ్గిందో రాసిపెట్టాలి. కొలత లేకుండా 'ఇంకా బాగానే ఉంది' అనడం, 'అయిపోయింది' అనడం, రెండూ ఊహలే. కినెబుర్ పేరును ఈ కొలతకు గుర్తుగా పెట్టుకోవచ్చు. ఆ పట్టీలోని అక్షరాల లోతు ఒక హద్దు కన్నా తగ్గితే స్తంభాన్ని లోపలికి తీసుకెళ్లి, అదే చోట, అదే దిక్కుకు ఎండ గడియారంతో సహా నకలు నిలపాలని ఇప్పుడే, రాయి బాగుండగానే, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. హద్దును ముందే రాసుకోకపోతే ప్రతి తరమూ తన హయాంలో కదల్చడానికి మనసొప్పక వాయిదా వేస్తుంది, చివరికి ఒక తరం ముఖాలు లేని రాతిని తీసుకెళ్లి దీపాల కింద పెడుతుంది. ఆ హద్దు దాటేవరకు వేసవి పొద్దుల్లో ఆ దక్షిణ ముఖం మీద ఎండ పడనివ్వాలి, ఆ రంధ్రంలో పోయిన పుల్లకు బదులు కొత్తది పెట్టే ఆలోచన మాత్రం ఎవరూ చెయ్యకూడదు.